గడ్డకట్టని సీరం

1995. గద్వాలలో ఒక చిన్న దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పగలంతా మనుషుల రక్తంతోనే పని, మనుషులతో మాత్రం మాటల్లేవు. సాయంత్రం అద్దెగదికి పోయినా అంతే. ఒంటరితనం అలవాటైపోతుందంటారు గానీ నాకు కాలేదు.

జములమ్మ మగ్గం నేసే ఇంటి కోడలు. నాలుగేళ్ల కొడుక్కి మళ్లీ నిమోనియా వస్తే ఎత్తుకొచ్చింది. తోడు ఎవరూ రాలేదు. ఆమె తమ్ముళ్లిద్దరూ పసితనంలోనే పోయారట, పెద్దకొడుకూ పోయాడట.

"మగపిల్లల్ని మింగే కడుపంట మేడమ్. మా అమ్మను అన్నరు, ఇప్పుడు నన్ను అంటుండ్రు. ఎవరింట్ల పసిపిల్లకు తొట్టెల కట్టినా నన్ను పిలువరు."

పిల్లవాడి ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, ఎక్కించాలన్నారు డాక్టర్‌గారు. గ్రూపు చూస్తే ఓ వచ్చింది. దాన్ని సరిచూసుకోవడానికి రివర్స్ గ్రూపింగ్ చేస్తాం. ఓ గ్రూపు మనిషి సీరంలో, అంటే రక్తం పైన తేరుకునే నీటిలో, ఏ, బి గ్రూపుల ఎర్రకణాలు కలిపితే గడ్డలు కట్టాలి. కట్టలేదు. నాదీ ఓ గ్రూపే కాబట్టి నా సీరం వేసి చూశాను. చక్కగా కట్టింది. అంటే కణాల్లో లోపం లేదు, వాటిని గడ్డకట్టించే, రోగాలతో పోరాడే యాంటీబాడీలే వాడి ఒంట్లో లేవేమో. డాక్టర్‌గారు పిల్లవాడి గొంతులో టార్చి వేసి చూస్తే, ఆ యాంటీబాడీలు చేసే కణాలుండే టాన్సిల్స్ కూడా కనపడలేదు. హైదరాబాద్ పంపారు.

జబ్బు అక్కడ ఖాయమైంది. తిరిగొచ్చాక డాక్టర్‌గారు ఆమెకు చెప్పబోయారు. యాంటీబాడీలు చేసే తెల్లకణం ఎదగాలంటే బయటి కబురు లోపలికి చేరాలి, చేరవేసేది కైనేజ్ అనే ఎంజైము, వీడికి అందులోనే లోపం. ఆమె ముఖం చూసి నేను కల్పించుకున్నాను.

"మగ్గం కింద పలక తొక్కితే తాడు లాగి దారాలు లేస్తాయి కదా. తాడు తెగితే ఎంత తొక్కినా లేవవు. వీడి ఒంట్లో అలాంటి తాడే తెగింది."

"ఆ తెగిన తాడు నా నుంచే వచ్చిందా మేడమ్?"

కాదని అనాలనిపించింది. కానీ ఈ జబ్బు, తల్లికి పైకి ఏమీ లేకపోయినా, ఆమె నుంచే కొడుక్కి వస్తుంది.

"నీ నుంచే. నీకు మీ అమ్మ నుంచి. ఇందులో మీ ఇద్దరి తప్పూ లేదు. నెలనెలా హైదరాబాద్‌లో యాంటీబాడీల సూది వేయిస్తే పిల్లవాడు బతుకుతాడు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మా అమ్మ సచ్చెదాంక ఏం పాపం జేసిననో అనుకుంట కుమిలింది. తప్పు లేదని ఒక్కరన్న ఆమెకు చెప్పకపాయిరి," అంది.

జములమ్మ ఒక్క నెల కూడా తప్పకుండా బస్సెక్కింది. పిల్లవాడు బడికి పోయాడు. నేను రిపోర్టులు కిటికీలోంచి అందించడం మానేశాను. బయటికొచ్చి రోగుల పక్కన కూర్చుని చెబుతున్నాను. అలా కూర్చోవడం వాళ్లకే కాదు, నాకూ అవసరమని ఆమె దగ్గరే తెలిసింది.