షాహీదాబీ తవ్విన గోరీలు

ప్రొద్దుటూరు పాత ఖబరస్తాన్‌లో పదహారేండ్లు గోరీలు తవ్వింది ఒక ఆడమనిషి. ఈ సంగతి తెలియనివాళ్లు ఆ పేటలో లేరు. ఒప్పుకునేవాళ్లూ లేరు.

ఆమె పేరు షాహీదాబీ. భర్త సర్దార్ ఆ ఖబరస్తాన్‌కు కాపలాదారు. అంతకుముందు వాళ్ల నాయనదీ అదే పని. గేటు పక్కన రేకుల గదిలో కాపురం. జమ్మలమడుగు నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆమె గోరీల వైపు కిటికీ తెరిచేది కాదు. ఆడోళ్లు లోపలికి పోగూడదన్నారు, పోలేదు. సర్దార్ చెమటలు కక్కుతా వస్తే గడపలో నిలబడి చెంబుతో నీళ్లిచ్చేది, అంతే.

సర్దార్‌కు నలభై ఆరో ఏట పక్షవాతం కొట్టి కుడి పక్క పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్నే, ఒక బట్టల వ్యాపారి చనిపోయినాడని కబురొచ్చింది. మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా తెస్తారంట. సర్దార్ మంచం మీద నుంచి లేవబోయి కింద పడినాడు. షాహీదాబీ ఆయన్ను లేపి కూర్చోబెట్టి, గోడకు ఆనించిన గడ్డపార చేతికి తీసుకుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు సర్దార్, వంకర పోయిన నోటితో.

"యాడ తవ్వల్లో చెప్పు, నేను తవ్వుతా. లేకుంటే రేపట్నుంచి ఈ గదిలో ఇంకొకడు కాపురం ఉంటాడు."

ఎండాకాలం నల్లరేగడి, గడ్డపార వేస్తే చేతులు అదిరిపోతాయి. అయిదు గంటలు పట్టింది. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, పార కట్టెకు అంటుకుపోయినాయి. జనాజా వీధి మలుపు తిరిగే లోపల సర్దార్‌ను కుర్చీతో సహా ఈడ్చుకొచ్చి గోరీ అంచున కూర్చోబెట్టి, పక్కన పార పెట్టి, గదిలోకి పోయి తలుపేసుకుంది. వచ్చినవాళ్లు తవ్విన గుంతను చూసినారు, సర్దార్ ఒళ్లో చచ్చుబడి ఉన్న చేతినీ చూసినారు. కమిటీ పెద్ద రహమతుల్లా పోతా పోతా సర్దార్ భుజం తట్టి, "బాగా తవ్వినావప్పా" అన్నాడు.

తలుపు వెనక ఆ మాట విని షాహీదాబీకి నవ్వొచ్చింది. తిండి నిలిచిందిలే అనుకుంది.

ఆ ఖబరస్తాన్ ఒకప్పుడు ఊరి బయట పత్తి చేలల్లో ఉండేదంట. ఊరు పెరిగి మూడు పక్కలా మేడలు లేచినాయి, నాలుగో పక్క రోడ్డు పడింది. తూర్పు మూలన అన్నిటికంటే పాత గోరీలు. వాటి రాళ్ల మీది ఫార్సీ అక్షరాలు అరిగిపోయి, వేలితో తడిమితే తప్ప తెలియవు. వాటికి ఇవతల కలరా వచ్చిన ఏడు పోయినవాళ్ల వరస. ఆ తర్వాత మగ్గాలోళ్లు, బండ్లోళ్లు, అంగళ్లోళ్లు. రాయి నాటించుకోగలిగినోళ్లు పదిమందిలో ఒకరు. తక్కినవన్నీ మట్టి దిబ్బలే, నాలుగు వానలకు నేలలో కలిసిపోతాయి. ఏ దిబ్బ ఎవరిదో సర్దార్‌కు నోటికి వచ్చు. ఆయన మంచంలో నుంచి చెప్తాంటే ఆమె పోయి నిలబడి గుర్తు పెట్టుకునేది. రెండేండ్లు తిరిగేసరికి ఆయన తడబడితే ఆమే దిద్దేది.

తవ్వడం ఒక్కటే కాదు. వాన పడిన మర్నాడు కుంగిన గోరీలకు మట్టి నింపేది. కంప కొట్టేది. మేడల వాళ్లు గోడ మీద నుంచి విసిరేసిన చెత్త ఏరేది. అందరూ గోరీల దగ్గరికొచ్చే షబేబరాత్ పండగకు వారం ముందు నుంచి గోడకు సున్నం కొట్టేది. మొగోళ్లకు నడుము లోతు, ఆడోళ్లకు రొమ్ము లోతు తవ్వాల. ఆ కొలతకు ఆమె గుంతలో దిగి తన ఒంటినే చూసుకునేది.

రెండేండ్ల కిందట సర్దార్ పోయినాడు. ఆయనకూ ఆమే తవ్వింది, తెల్లారకముందే మొదలుపెట్టి. శవాన్ని మొగోళ్లు ఎత్తుకుపోయి, ఆమె తవ్విన గుంతలో దించి, ఆమె పోగేసిన మట్టి తలా మూడు దోసిళ్లు పోసినారు. ఆమె గదిలోనే ఉండింది.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, ఇద్దత్ అంటారు. అది ఇంకా సగం కూడా కాకముందే రహమతుల్లా వచ్చి వాకిట్లో నిలబడినాడు.

"ఇద్దత్ కాగానే గది ఖాళీ చెయ్యమ్మా. ఖబరస్తాన్‌లో ఆడమనిషిని పెట్టుకున్నారని జనం అనుకుంటారు."

"పదహారేండ్లు ఎవరు తవ్వినారు, హాజీ సాబ్?" అంది పరదా వెనక నుంచి.

"సర్దార్ తవ్వినాడు," అన్నాడు ఆయన. గొంతులో తడబాటు లేదు.

ఆమె పులివెందులలో ఉండే కూతురు షహనాజ్ ఇంటికి చేరింది. గోరీలు తవ్వడానికి ఖబరస్తాన్‌లోకి జేసీబీ వచ్చింది. అది లోపలికి రావడానికి దోవ కావాల, దోవ కోసం గేటు నుంచి వేపచెట్టు దాకా దిబ్బలన్నీ చదును చేసేసినారు.

ఒక రోజు షహనాజ్ ఇంటి ముందు కారు ఆగింది. రహమతుల్లా పంపించిన కారు. ఆయన తల్లి అమీనాబీది మట్టి గోరీయే. ఇప్పుడు చలువరాయి వేయిద్దామనుకుంటే ఆ గోరీ యాడుందో అంతుపట్టడం లేదంట. షాహీదాబీ పోయింది. గేటు దాటి పాతిక అడుగులు వేసి, బండి చక్రాల గాడి మధ్యలో నిలబడింది.

"ఈడ," అంది.

"దోవ కిందనా?"

"దోవ వేసేటప్పుడు నన్నొక మాట అడిగింటే చెప్పిండేదాన్ని."

రహమతుల్లా మొగం నల్లబడింది. ఆ క్షణం ఆమెకు ఆయన మీద జాలి కూడా కలిగింది. వెనక కమిటీవాళ్లు ఇద్దరు చూస్తాండారు. ఆయన వాళ్ల వైపొకసారి చూసి, వేపచెట్టు కింద మిగిలిన ఒక దిబ్బ వైపు చెయ్యి చాపినాడు.

"నీకు వయసైపోయి మర్చిపోయినావు. మా అమ్మ ఆడ ఉంది."

"ఆడ ఉండేది ఇరమ్, హాజీ సాబ్. నయీం పెండ్లాం. కాన్పులో పోయింది. బిడ్డ కూడా ఆ యమ్మ పక్కనే ఉంది."

వారంలోపల ఆ దిబ్బ మీద చలువరాయి లేచింది. దాని మీద అమీనాబీ పేరు.

నయీం కువైట్‌లో డ్రైవరు. భార్య పోయినప్పుడు సెలవు దొరక్క రాలేకపోయినాడు. ఆ తర్వాత వచ్చినప్పుడు గోరీ చూపించింది షాహీదాబీయే. ఈసారి వచ్చి చలువరాయి చూసి, కమిటీవాళ్లను అడిగినాడు. "మట్టి వేసిన రోజు నువ్వు ఊర్లోనే లేవు, నీకేం తెలుసు?" అన్నారు. బస్సెక్కి పులివెందులకు వచ్చినాడు.

"ఖాలా, నువ్వొచ్చి పదిమందిలో చెప్పు. నాకు ఇంకేం వద్దు."

షహనాజ్ వద్దంది. షాహీదాబీ బురఖా వేసుకుని బయలుదేరింది.

శుక్రవారం నమాజు అయిపోయి జనం మసీదు మెట్లు దిగుతాండారు. ఆమె మెట్ల కింద నిలబడి, ఆ దిబ్బ ఇరమ్‌దని, తవ్వింది తానేనని దాచకుండా చెప్పింది. ఇరమ్‌కు గుంత తవ్విన రోజు పడిన వాన, పక్కన బిడ్డకు తవ్విన చిన్న గుంత, అడ్డం వేసిన కడప బండలు ఎన్నో కూడా చెప్పింది.

రహమతుల్లా నింపాదిగా విన్నాడు. "తవ్వింది సర్దార్. గదిలో కూర్చున్న ఆడమనిషికి ఇదంతా ఎట్లా తెలుస్తుంది? మీరే చెప్పండి."

ఆమె ఒక్కొక్కరి మొగం చూసింది. వాళ్లలో కనీసం నలభైమందికి తల్లికో తండ్రికో ఆమె తవ్వింది. పొద్దున్నే గోడ పక్కగా పోతా గుంతలో ఆమె తల కనిపిస్తే చూపు తిప్పుకుని పోయినోళ్లే వాళ్లంతా. ఒకాయన దగ్గినాడు. తక్కినవాళ్లు తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నారు.

నయీం సెలవు అయిపోయింది. పోయే ముందు ఆ చలువరాయి ముందర నిలబడి ఫాతిహా చదువుకున్నాడంట, రాయి మీద పేరు చూడకుండా కండ్లు మూసుకుని.

షాహీదాబీ పులివెందులలోనే ఉంది. జేసీబీ పుణ్యమా అని ప్రొద్దుటూరు నుంచి ఎవరో ఒకరు ఆమెకు ఫోన్ చేస్తానే ఉంటారు. మా నాయన గోరీ యాడుంది, మా అవ్వది యాడుంది అని. మొదట్లో ఓపిగ్గా చెప్పేది, ఏ వరస, ఏ రాయికి ఎన్ని అడుగులు అని. ఆ శుక్రవారం తర్వాత చెప్పడం మానేసింది.

"పాపం, ఎవరో ముసలాయన ఏడుస్తాండాడు. గుర్తు లేదా అమ్మా?" అంది షహనాజ్ ఒక సాయంత్రం, ఫోన్ చేతికిస్తా.

షాహీదాబీ పేరు అడిగింది. షహనాజ్ చెప్పింది. ఆ రోజు మెట్ల మీద దగ్గిన ఆయన.

"గుర్తుంది. శానా బాగా గుర్తుంది," అంది షాహీదాబీ. "చెప్పను."