రామన్న కొబ్బరి డొక్క

శుక్రవారం సాయంత్రం మా పక్కింటి పార్వతక్క కొబ్బరి డొక్క, అదే కాయ పైనుండే పీచు తొక్క, కాల్చి సాంబ్రాణి వేస్తుంది. ఈ పోర్ట్ క్లాంగ్ రేవులో పగలంతా లారీల పొగ పీల్చి ఇంటికొచ్చే నాలాంటివాడికి ఆ వాసన ఎంత హాయో చెప్పలేను. అయితే అది ముక్కుకి తగలగానే నాకు భక్తి రాదు, నవ్వొస్తుంది. మొన్న గేటు దగ్గర నిలబడి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ బయటికొచ్చి, "ఏటయ్యింది? మళ్ళీ రామన్నేనా?" అంది. మళ్ళీ రామన్నే. ఆవిడకి ఆ కథ కంఠతా వచ్చేసింది కాబట్టి, రామన్నని ఎన్నడూ చూడని మీకు చెబుతాను.

రామన్న అంటే రామునాయుడు. ఈపోలో నేను చదివిన కాలేజీలో నాకంటే ఒక ఏడాది ముందున్నాడు. ఊరు బాగన్ దాతుక్, కొబ్బరి తోటల పక్కన. మాది సుంగై సిపుట్. నాన్నది తెలుగు, అమ్మది తమిళం. నాన్న పట్టుబట్టి చదవడం, రాయడం నేర్పించినా నోరు తెరిస్తే నాకు తమిళమే దొర్లేది. హాస్టల్లో మొదటిరోజే రామన్న నన్ను పట్టుకుని, "మన తెలుగోడివే కదా? అయితే నన్ను తిట్టాలన్నా తెలుగులోనే తిట్టాలి లా!" అని, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ చివర ఒక 'లా' తగిలించి, షరతు పెట్టాడు. ఆ షరతు నేను మనస్ఫూర్తిగా నెరవేర్చాను, ఎందుకంటే మేమిద్దరం ఒకే రగ్బీ జట్టులో ఆడాం.

రగ్బీ ఎరగనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ పోయి, అవతలివాళ్ళ గీత దాటాక నేలకి ఆనిస్తే పాయింట్లు. ఆ తరువాత జట్టులో ఒకడు బంతిని నేలమీద నిలబెట్టి, హెచ్ అక్షరంలా ఉండే స్తంభాల మధ్యనుంచి, అడ్డకర్ర మీదుగా తన్నితే ఇంకో రెండు పాయింట్లు. మొదటి పని మా అందరిదీ. రెండోది రామన్నది. నేను ముందు వరుసలో తోసేవాణ్ణి. ఆట అయ్యేసరికి బురదలో పొర్లిన గేదెలా ఉండేవాణ్ణి. రామన్న జెర్సీ మాత్రం ఇస్త్రీ మడత చెదరకుండా ఉండేది. "పెళ్ళికొడుకు వచ్చాడు, దారి ఇవ్వండ్రా" అని ఏడిపించేవాళ్ళం. ఎదుటివాణ్ణి పడగొట్టమంటే వాణ్ణి కావలించుకుని యోగక్షేమాలు అడుగుతున్నట్టుండేది అతని వాలకం. కానీ తన్నడానికి నిలబడ్డాడా, మేం అప్పుడే వెనక్కి తిరిగి మా చోట్లకి నడిచేవాళ్ళం. అంత నమ్మకం. బంతి ఎటు పోతుందో చూడాల్సిన అవసరమే ఉండేది కాదు.

బంతి నిలబెట్టడానికి అందరూ ప్లాస్టిక్ స్టాండు వాడతారు. రామన్న కొబ్బరి డొక్క వాడేవాడు. వాళ్ళ ఊళ్ళో రెండు కొబ్బరి చెట్ల మధ్యనుంచి బంతి తన్నడం నేర్చుకున్నాడట. అక్కడ స్టాండు ఎవరిస్తారు? ఎండిన డొక్కని కత్తితో చెక్కి, నడుమ బంతి మొన కూర్చునేలా గుంట చేసుకున్నాడు. దాన్ని ఈపో దాకా మోసుకొచ్చాడు. రెఫరీలు చూసి నవ్వి ఊరుకునేవాళ్ళు. డొక్క పెట్టడం, బంతి కుట్టు స్తంభాల వైపుకి తిప్పడం, వెనక్కి నడవడం, అరచేయి నిక్కరుకి తుడుచుకోవడం, తలెత్తి ఒక్కసారి చూడటం. గెలుస్తున్నా, ఓడుతున్నా, వానలో తడుస్తున్నా అదే వరస. "విసుగు రాదా అన్నా?" అని అడిగితే, "అన్నం తినడం విసుగొస్తదేటి నీకు?" అన్నాడు. నా ఒళ్ళు చూస్తే నాకు రాదని ఎవరికైనా తెలుస్తుంది.

ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు. మంచివాడే కానీ ఆయనకి పరుగెత్తేవాళ్ళంటే మోజు. రామన్నని మా అందరి ముందూ నిలబెట్టి, "తన్నడానికి మాత్రమే ఒక మనిషిని ఉంచుకోలేను. ఫైనల్లో చూస్తాను. ఆ రోజు కాలు ఆడకపోతే వచ్చే ఏడాది నీ జెర్సీ ఇంకొకడికి" అన్నాడు. జెర్సీ పోతే పోనీ అనుకోడానికి లేదు. రామన్నకి హాస్టల్ గది ఇచ్చిందే జట్టులో ఉన్నందుకు. అది పోతే అంత దూరం బాగన్ దాతుక్ నుంచి రోజూ మోటార్‌సైకిల్ మీద రావాలి, లేదా చదువు మానుకోవాలి. ఆ సాయంత్రం మా అందరికీ అన్నం సయించలేదు. రామన్న మాత్రం ఎప్పటిలాగే మైదానానికి వెళ్ళి బంతులు తన్నుకున్నాడు.

ఫైనల్ రోజు రామన్న మామ్మ, వాళ్ళ బాబాయి కారులో వచ్చి దిగింది. తెల్ల జుట్టు, పెద్ద బొట్టు, సంచినిండా అరటిపళ్ళు. మేం పక్క మైదానంలో ఒళ్ళు వేడెక్కించుకుంటుంటే ఆవిడ మా గుడారంలో దూరి, బంతికీ బూట్లకీ బొట్టు పెట్టి, పూజ మొదలుపెట్టింది. మేం తిరిగొచ్చేసరికి గుడారమంతా కమ్మటి పొగ. అరటి డిప్పలో సాంబ్రాణి ధూపం. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"సూసినారా నా మనవడి బుద్ధి! ధూపానికి ఎండు డొక్క కూడా సంచిలో ఎట్టుకుని వచ్చినాడు. ఎంత బాగా అంటుకున్నాదో!" అంది.

కాలుతున్నది రామన్న బంతి నిలబెట్టే డొక్క. మా కెప్టెన్ మునియాండి "అయ్యయ్యో!" అని తల పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు రామన్న నా కాలు తొక్కాడు, మేకుల బూటుతో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను మాత్రం వంగి, ఆ పొగని రెండు చేతులా కళ్ళకద్దుకుని, "మంచి పని సేసినావు మామ్మా" అన్నాడు.

అవతలి జట్టువాళ్ళు పాపం ఒక ప్లాస్టిక్ స్టాండు ఇచ్చారు. దానిమీద రామన్న తన్నిన మొదటి బంతి స్తంభానికి బారెడు బయటికి పోయింది. వెనక్కి నడుస్తున్న మేమందరం అలా ఆగిపోయాం. మైదానం బయట కోచ్ ఇంకో కుర్రాణ్ణి లేపి, రామన్న బదులు దింపడానికి పరుగెత్తించడం మొదలుపెట్టాడు. నేను రామన్న దగ్గరికి ఉరికాను.

"అన్నా, ఆ స్టాండు వద్దు, మట్టి కుప్ప చేస్తాను!"

"వద్దురా. ఇప్పుడు మార్చినామంటే తప్పు కాలిదో స్టాండుదో ఎలగ తెలుస్తది? రెండోది కూడా ఇలాగే తన్నాలి."

పీక మీద కత్తి ఉన్నవాడు మాట్లాడే మాటేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది. రెండోది అలాగే తన్నాడు. అదే నడక, అదే తుడుచుకోవడం, అదే చూపు. బంతి లోపలికే పోయింది కానీ ఒక స్తంభాన్ని ఒరుసుకుంటూ పోయింది. "ఆఁ, స్టాండుదే. కూసింత ఎత్తుగుంది" అని గొణుక్కుని, మూడోసారి దాన్ని బూటుతో నేలలోకి తొక్కి బంతి పెట్టాడు. అది నట్టనడుమనుంచి పోయింది. కోచ్ ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు.

ఆట ముగుస్తుండగా మునియాండి మైదానం మూల బంతి ఆనించాడు. ఇంకా ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి ఆనించిన చోటికి ఎదురుగానే తన్నాలి కాబట్టి, రామన్న ఆ చివర అంచునుంచి తన్నాలి. అక్కణ్ణుంచి చూస్తే రెండు స్తంభాలూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. నేను చూడలేక వెనక్కి తిరిగాను. చప్పుడు వినబడింది, తరువాత మామ్మ "ఓలమ్మో!" అని అరవడం వినబడింది. తిరిగేసరికి మావాళ్ళు రామన్న మీద గుట్టగా పడి ఉన్నారు. నేనూ పడ్డాను. పాపం, నా బరువు అతనికి ఇప్పటికీ గుర్తే.

కోచ్ వచ్చి రామన్నని లేవదీశాడు. జెర్సీ మీద ఇంకా తెల్లగా మిగిలిన చోట, మమ్మల్ని లాగి బురదైన తన చేయి తుడిచి, "ఇప్పుడు ఆటగాడిలా ఉన్నావు. వచ్చే ఏడాది కూడా ఇదే వేసుకో" అన్నాడు. రామన్న ఏడ్చేశాడు. రోజూ ఒకేలా ఉండే ఆ మనిషి అలా ఏడవడం చూసి మేమూ ఏడ్చాం. మామ్మ అందరికీ అరటిపళ్ళు పంచుతూ, "సూసినావా నా ధూపం మహిమ!" అంటే, రామన్న కళ్ళు తుడుచుకుని, "మరి కాదేటి మామ్మా! నువ్వు లేకపోతే ఎక్కడ గెల్దుమే!" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. హాస్టల్‌కి నడుస్తూ అడిగాను. "ఆ డొక్క నీకు అంత అవసరం లేదా?"

"ఎందుకు లేదురా? ఎన్నేళ్ళు మోసినాను దాన్ని!"

"మరి మామ్మకి చెప్పలేదేం?"

"సెప్తే ఏటొస్తది? డొక్క తిరిగి రాదు. మామ్మ కూడా మరింక నా ఆటకి రాదు."

ఆవిడ ఆ మరుసటి ఏడాది ఒక్క ఆటా మానలేదు.

ఇప్పుడు నేను రేవులో ఒక గోదాము చూసుకుంటున్నాను. ఎవరైనా పొరపాటు చేసి బిక్కమొహంతో నా ముందు నిలబడితే, నోటిదాకా వచ్చిన మాటని ఆపి, ఇది అంటే ఏం తిరిగొస్తుంది, ఎవరు రాకుండా పోతారు అని చూసుకుంటాను. అన్నిసార్లూ ఆపలేను, కొన్ని జారిపోతాయి. అలాంటప్పుడు రామన్న కూడా మొదటిది బయటికే తన్నాడని గుర్తుచేసుకుంటాను.