జారిన చైను

తాండూరు నాపరాళ్ల గనిలో గుమాస్తా నర్సప్ప. ప్రతి ఆదివారం వాకిట్లో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో చక్రాల ఒక్కో పుల్లా తుడుస్తాడు. చైను మాత్రం ముట్టడు. అదొక్కటే తుప్పు పట్టి కిర్రుమంటుంది. పోయిన వానాకాలం పక్కింటి హన్మమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. "అన్నా, మా ఇంటాయన జరంతోని కాలిపోతున్నడు. జర దవాఖానకు తోల్కపో!" అప్పుడే తుడిచిన సైకిలుకు రేగడి బురద అంటుతుందని నర్సప్ప ఆమె చూడకుండా వేలితో చైను జారవిడిచి, "చైను ఊడింది చెల్లే, ఎట్ల తొక్కుదు?" అన్నాడు. ఆమె భర్త బిచ్చయ్యను ఇరుగుపొరుగు మంచం మీద మోసుకుపోయారు. దారిలోనే పోయాడు.

ఇవాళ నర్సప్ప సైకిలు తుడుస్తుంటే హన్మమ్మ గోడ మీదుగా పాత ధోతి అందించింది. "మెత్తటి గుడ్డ దొర్కుతలేదంటివి గదన్నా. ఆయనదే, తీస్కో." జారిన చైను ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలని ఆమెకు ఇప్పటికీ తెలియదు. నర్సప్ప చేతులు చాచి అందుకున్నాడు. వేళ్ల నలుపు ఆ తెల్లటి ధోతికి అంటుకుంది.