మగ్గాల వీధి కమిటీ అడిగిన ప్రశ్న

1945లో నేను బెజవాడలో ఒక కంట్రోలు గుడ్డల డిపోలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. యుద్ధం ముగింపుకొచ్చినా గుడ్డ కరువు తీరలేదు. బజారులో డబ్బు పెట్టినా బట్ట దొరికేది కాదు. ప్రభుత్వం పంపిన మిల్లు గుడ్డని రేషన్ కార్డుల మీద పంచే దుకాణాన్నే డిపో అనేవాళ్ళు. సరుకు బేళ్ళలో వచ్చేది. బేలు అంటే ఇనప పట్టీలతో బిగించి కట్టిన పెద్ద మూట. అందులో ఎక్కువగా ఉండేది స్టాండర్డ్ క్లాత్ అనే ముతక రకం. మామూలు రోజుల్లో అలాంటి గుడ్డని ఇల్లు తుడవడానికి వాడుకునేవాళ్ళేమో. ఆ రోజుల్లో మాత్రం బేలు వచ్చిందని తెలిస్తే చాలు, తెల్లారేసరికి జనం డిపో ముందు బారులు తీరేవారు.

మా డిపో పటమట వెళ్ళే దారిలో మగ్గాల వీధి మొదట్లో ఉండేది. వీధిలో సగం ఇళ్ళు నేతవాళ్ళవి, మిగతా సగం బడిపంతుళ్ళవీ, ఆఫీసు ఉద్యోగులవీ. నూలుకి కూడా కంట్రోలు రావడంతో చాలా మగ్గాలు ఆగిపోయాయి. నూలు సన్నమో ముతకో చెప్పే అంకెని మా వ్యాపారంలో కౌంట్ అంటాం. ఏ కౌంట్ నూలు కావాలన్నా పెద్ద షావుకార్ల దగ్గరే దొరికేది. వాళ్ళిచ్చిన నూలుతో నేసి, బట్ట వాళ్ళకే అప్పజెప్పాలి. నూలు తూచి ఇచ్చేవారు, బట్ట తూచి పుచ్చుకునేవారు. నేసినవాడికి అందులోంచి ఒక పోగు కూడా మిగిలేది కాదు.

ఆ వీధికి ఒక పేట కమిటీ ఉండేది. కుళాయి దగ్గర తగువులు, కాలవ పూడిక, వీధి దీపాలు, కిరసనాయిలు పంపకం, ఇలాంటివన్నీ ఆదివారం సాయంత్రం భజన మందిరంలో కూర్చుని తేల్చేవారు. ప్రెసిడెంటు వెంకటప్పయ్య పంతులుగారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయనకి పేటలో మంచి పేరుంది. తన ఇంటి ముందు దీపం వెలక్కపోయినా ముందు చివరి సందులో దీపం సంగతి చూడమనే మనిషి.

కమిటీకి గుడ్డల గొడవ ఎలా వచ్చిందంటే, కొందరు ఊళ్ళో లేనివాళ్ళ పేరునా, చనిపోయినవాళ్ళ పేరునా గుడ్డ పట్టుకెళ్ళి దొంగ బజారులో అమ్మేస్తున్నారు. దాంతో నిజంగా ఉన్నవాళ్ళకి చాలకుండా పోతోంది. పంతులుగారు ఆలోచించి ఒక రూలు పెట్టించారు. ఎవరి వాటా వాళ్ళే డిపోకి వచ్చి తీసుకోవాలి. ఒకే మనిషి రెండు పేర్లతో రాకుండా, చీరల వాటాకి ఆ కార్డులో ఉన్న ఆడవాళ్ళంతా ఒకేసారి రావాలి. మా యజమానీ ఒప్పుకున్నాడు. రూలు బాగానే పనిచేసింది. దొంగ కార్డులు చాలా బయటపడ్డాయి. పేటంతా పంతులుగారిని మెచ్చుకుంది.

ఆ రోజుల్లోనే నాగభూషణం అనే నేతగాడు డిపోకి వచ్చాడు. పెడన వైపు మనిషి. ఊళ్ళో ఇల్లు కాలిపోతే తల్లినీ భార్యనీ తీసుకుని బెజవాడ వచ్చి, మగ్గాల వీధి చివర ఒక తాటాకు పాకలో దిగాడు. తన పంచె వాటా తీసుకుని, తల్లివీ భార్యవీ చీరలు కూడా ఇమ్మన్నాడు.

"ఆడవాళ్ళిద్దర్నీ పంపించాలయ్యా. అది రూలు," అన్నాను.

"వాళ్ళు రాలేరండీ."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ. రాలేరు, అంతే."

వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. అతను పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. తరవాతి బేలుకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట. ఆ రోజు వరసలో కిరాణా కొట్టు రంగయ్యగారు ఉన్నారు. ఆయన కమిటీ మెంబరు. దొంగ కార్డుల్ని పట్టుకోవడంలో అందరికన్నా ముందుండేవారు. ఆదివారం నాగభూషణాన్ని భజన మందిరానికి పిలిపించారు.

అతను స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారా లేరా?" అని రంగయ్యగారు అడిగారు.

"ఉన్నారండీ."

"ఉంటే డిపోకి రావడానికేం? మీ ఇంట్లో ఘోషా పద్ధతా?"

అందరూ నవ్వారు. నాగభూషణం తల ఎత్తలేదు.

"నలుగురిలో అడుగుతున్నాం. కారణం చెప్పు," అన్నారు పంతులుగారు, కోపంగా కాదు, బళ్ళో పిల్లవాణ్ణి అడిగినట్టు.

"చెప్పలేనండీ."

"అయితే అబద్ధమే," అన్నారు రంగయ్యగారు. "పెళ్ళాన్నీ తల్లినీ ఊళ్ళోనే వదిలేసి వచ్చి ఇక్కడ వాటాలు లాగాలని చూస్తున్నాడు."

 అతని కార్డులో ఆడవాళ్ళ వాటా ఆపేయాలని కొందరన్నారు. పంతులుగారు మాత్రం, చూడకుండా ఆపడం ధర్మం కాదు, ఇంటికి వెళ్ళి చూస్తాను అన్నారు. డిపో తరఫున నన్ను తోడు రమ్మన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ఎంత న్యాయంగా మాట్లాడారో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న వెళ్ళాం. నాగభూషణం షావుకారు ఇంటికి మగ్గం పనికి పోయాడు. పాక తలుపు వేసి ఉంది. పంతులుగారు తట్టారు.

"ఎవరండీ?" లోపల్నుంచి ఆడగొంతు.

"పేట కమిటీ వాళ్ళం తల్లీ. భయపడకండి. మీరు ఇంట్లో ఉన్నారని చూసి వెళ్ళిపోతాం."

లోపల గుసగుసలు వినబడ్డాయి. కాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుని ఒక పెద్దావిడ బయటికొచ్చింది. నాగభూషణం తల్లి వీరమ్మ. వెలిసిపోయిన నేత చీర, భుజం మీద నల్ల దారంతో కుట్టిన పెద్ద అతుకు.

"మీ కోడల్ని కూడా ఒక్కసారి పిలవమ్మా," అన్నారు పంతులుగారు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేం ఎండలో నిలబడ్డాం. ఎంతసేపైనా అలికిడి లేదు. పంతులుగారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది. పడుచు పిల్ల. తలుపు రెక్క వదలకుండా పట్టుకుని, చూపు నేల మీదే ఉంచి నిలబడింది. భుజం మీద నల్ల దారం అతుకు.

నాకు అర్థమయింది. పంతులుగారికి కాలేదు. ఆయన చీరల వంక చూసే మనిషి కాదు.

"మంచిదమ్మా. మీ అత్తగారిని కూడా రమ్మను. ఇద్దర్నీ ఒకేసారి చూశామని చెబితే ఇక ఎవరూ నోరెత్తరు."

ఆ పిల్ల కదల్లేదు.  నేను పంతులుగారి మోచెయ్యి తాకేలోపే లోపల్నుంచి వీరమ్మ గొంతు వినబడింది.

"ఒకేసారి రాలేం బాబూ."

పంతులుగారు గిరుక్కున వెనక్కి తిరిగారు.  వీధి మలుపు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి, "గుడ్డ నేసేవాళ్ళ కొంపకి వెళ్ళి నేనేం అడిగి వచ్చానోయ్," అన్నారు. ఇల్లు కాలినప్పుడు కట్టుబట్టలతో బయటపడ్డారనీ, ఉన్న రెండు చీరల్లో ఒకటి చిరిగి పీలికలైపోయిందనీ, ఒకరు చీర కట్టుకుని బయటికొస్తే రెండోవారు బొంత చుట్టుకుని లోపల కూర్చుంటున్నారనీ తరవాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే పంతులుగారి భార్య రెండు చీరలు పట్టుకుని వెళ్ళింది. వీరమ్మ వాటిలో ఒకటే తీసుకుంది. అదీ కార్డు మీద గుడ్డ వచ్చేదాకా బదులు అని చెప్పి తీసుకుంది.

"మాకు దానం వద్దమ్మా. మా వాటా మాకిప్పించండి. ఇంకోటి, మావాణ్ణి నలుగురిలో అబద్ధాలకోరన్నారు. ఆ మాట ఆ నలుగురిలోనే తీసెయ్యమనండి. ఎందుకో మాత్రం చెప్పొద్దనండి. మా కోడలు చచ్చిపోతుంది," అందట.

ఆదివారం మందిరం నిండిపోయింది. పంతులుగారు లేచి, "నాగభూషణం చెప్పింది నిజం. వాళ్ళింట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నారు. నేను కళ్ళారా చూశాను. తప్పు కమిటీది. వాళ్ళ వాటా ఇంటికి పంపిద్దాం," అన్నారు.

"అయితే డిపోకి ఎందుకు రారు?" అన్నారు రంగయ్యగారు.

"ఆ కారణం చెప్పను."

"రూలు అందరికీ ఒకటే అన్నది మీరేగదండీ!"

"నేను చూశానంటున్నానుగా. నా మాట చాలదా రంగయ్యగారూ?"

"మీ మాట చాలితే మొన్న అతని మాట ఎందుకు చాల్లేదండీ?"

 వెనకనుంచి ఎవరో, "పంతులుగారికి ఏం ముట్టిందో," అన్నారు. కొందరు నవ్వారు. ఆయన మొహం పాలిపోయింది. నేను లేవబోతే చేత్తో వారించారు. కారణం బయటపెట్టమని వీరమ్మకి మాట ఇచ్చాం కదా. కూర్చున్నాను.

అప్పుడు నాగభూషణం ముందుకొచ్చాడు. "పంతులుగారిని ఏమీ అనకండయ్యా. నేనే అబద్ధం చెప్పాను. మా ఆడవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. వదిలెయ్యండి."

"ఒరే, నువ్వుండు."

అందరం తిరిగి చూశాం. ఆడవాళ్ళు కూర్చున్న వైపునుంచి వీరమ్మ లేచి నిలబడింది. పంతులుగారి భార్య ఇచ్చిన చీర కట్టుకుని ఉంది.

"నేను వీడి తల్లిని. ఊళ్ళో లేను, ఇక్కడే ఉన్నాను. మాకు సొంతంగా ఉన్నది ఒక్కటే చీరండీ, ఇది బదులు తెచ్చుకున్నది. నేను కడితే నా కోడలు బయటికి రాదు, అది కడితే నేను రాను. ఇది మీతో చెప్పుకోలేక వీడు అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. బయటపెట్టలేక ఆ మహానుభావుడు లంచగొండి అనిపించుకుంటున్నాడు. ఇద్దరు మగాళ్ళు మాకోసం మాటలు పడుతుంటే నేను నోరు మూసుకుని ఎలా కూర్చోను? అడిగారు కదా, చెప్పాను."

  రంగయ్యగారు పై పంచెతో మొహం తుడుచుకుని, అలాగే మొహం మీద ఉంచేసుకున్నారు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసినవాళ్ళెవరూ లేరు. నేను నా కాళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నాను. రెండుసార్లు అతన్ని వరసలోంచి పక్కకి పంపినవాణ్ణి నేనే. రూలు ప్రకారమే పంపాను. ఆ సాయంత్రం ఆ మాట నాకు ఆసరా కాలేదు.

మర్నాడే వాళ్ళ వాటా ఇంటికి పంపాం. రూలు మార్చి, ఆడవాళ్ళ వాటాలు ఇళ్ళకి వెళ్ళి ఇచ్చేందుకు ముగ్గురు ఆడవాళ్ళని కమిటీలో వేశారు. వాళ్ళు వెళ్ళి చూస్తే ఆ వీధిలోనే అలాంటి ఇల్లు ఇంకోటి బయటపడింది. రంగయ్యగారు స్వయంగా పాక దగ్గరికి వెళ్ళి నాగభూషణం చేతులు పట్టుకున్నారు. అంతా చక్కబడిందనే అనుకున్నాం.

కొన్నాళ్ళకి నాగభూషణం డిపోకి వచ్చాడు. కృష్ణ దాటి మంగళగిరి వెళ్ళిపోతున్నాం, కార్డు మార్పించుకోవాలి, ఏం చెయ్యాలండీ అని అడిగాడు.

"ఎందుకయ్యా వెళ్ళడం? ఇప్పుడంతా సర్దుకుంది కదా," అన్నాను.

"సర్దుకుందండీ. అందరూ మంచిగానే ఉంటున్నారు. కుళాయి దగ్గరికి వెళ్తే మా ఆవిడకి దారి వదులుతున్నారు. పాపం, ఈ పిల్లేనా అంటున్నారు. అది బిందె అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేస్తోంది. కొత్త చీర కట్టుకోమన్నా కట్టుకోదండీ." కార్డు బల్ల మీద పెట్టి, "దాన్నని ఏం లాభం? మీరూ నా మొహంలోకి చూడటం లేదుగా," అన్నాడు.

అది నిజమే. అతను వచ్చినప్పటినుంచీ నేను కత్తెర వంకే చూస్తున్నాను. అప్పుడు తలెత్తి చూశాను. అతని మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

తరవాత నేను సొంతంగా బట్టల కొట్టు పెట్టుకున్నాను. రెండు మూడు పేట కమిటీల్లో మెంబరుగా కూర్చున్నాను. దొంగని పట్టుకోవడానికి పెట్టిన రూలు మంచివాడి గుమ్మం ముందుకి కూడా వెళ్తుందని మగ్గాల వీధిలో నేర్చుకున్నాను. అందుకే ఎవరిమీద ఫిర్యాదు వచ్చినా, మందిరానికి పిలిచే ముందు ఒక మనిషిని ఒంటరిగా వాళ్ళింటికి పంపమని పట్టుబట్టేవాణ్ణి. కొందరు దాన్ని చాదస్తం అనుకున్నారు. నలుగురిలో ప్రశ్న అడిగితే జవాబు కూడా నలుగురిలోనే చెప్పుకోవాలి. అడిగేవాళ్ళకి అది ఒక సాయంత్రపు పని. చెప్పుకున్నవాళ్ళు ఆ జవాబుతోనే ఆ వీధిలో బతకాలి.