కల్వర్టు కావాలని కోరుతున్నాము

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చిందంటే అది వచ్చినవాళ్లకి ఎంత గర్వమో, రానివాళ్లకి వాళ్లంటే అంత నమ్మకం. ఇప్పుడు ఆలోచిస్తే నా గర్వం కంటే వాళ్ల నమ్మకమే ఎక్కువ హాని చేసిందనిపిస్తుంది గానీ, అలా అనుకోవడం కూడా తప్పు వాళ్ల మీదికి తోసేయడమే. కోయంబత్తూరులో సింగానల్లూరు దాటాక, రైలు పట్టాలకి ఇవతల మా వీధి, అవతల మిల్లు. వీధి మొత్తంలో ఎస్సెల్సీ గట్టెక్కి టైపు కూడా నేర్చుకున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. మోటారు పంపులు చేసే చిన్న వర్క్‌షాపులో టైపిస్టుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. పంతొమ్మిదేళ్లు. వీధిలో నా పేరు ఎప్పుడో పోయి ‘ఇంగ్లీసు అమ్మణి’ మిగిలింది. (నాకు ఆ పేరు నచ్చనట్టు ముఖం పెట్టేదాన్ని. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే మాత్రం ఆ రోజంతా వెలితిగా ఉండేది.)

మా కష్టం రైలు గేటు. సరిగ్గా మిల్లులో పొద్దుటి షిఫ్టు సంగు, అంటే సైరను, మోగే వేళకి గూడ్సు బండి ఒకటి వచ్చి గేటు దగ్గర నిలబడేది. రెండో సంగు లోపల మిల్లు గడప దాటనివాణ్ణి వెనక్కి పంపేసేవారు, ఆ రోజు పని పోయినట్టే. అందుకని మగవాళ్లూ ఆడవాళ్లూ టిఫిను క్యారియర్లు ముందు దొర్లించి, తాము గూడ్సు డబ్బాల కింద నుంచి పాకి అవతలికి పోయేవారు. మా అమ్మకి అన్న, నేను పెద్దమామ అని పిలిచే ఆయన, మిల్లులో నూలు వడికే ఖాతాలో పనిచేసేవాడు. ఇంగ్లీషు కాదు కదా అరవం కూడా సంతకం వరకే వచ్చు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

“అమ్మణీ, గేటు మింద పాలం కావాలని గవర్మెంటుకి మను రాయాల. అరవంలో మూడుసార్లు రాసినాము, బదులు లేదు. ఇంగ్లీసులో రాసియ్యి. చదివిన దొర లేసి నిలబడాల.”

అరవంలో మను అంటే అర్జీ, పాలమంటే వంతెన. పట్టాల మీదుగా రోడ్డుకి కట్టే వంతెనని ఇంగ్లీషులో ఏమనాలి? ‘బ్రిడ్జి’ అని నాకు తెలుసు. కానీ బ్రిడ్జి మా వీధిలో కాఫీ కొట్టువాడికి కూడా తెలుసు. అంత చదివి, నెలనెలా ఫీజు కట్టి టైపు నేర్చుకుని, చివరికి కాఫీ కొట్టువాడికి తెలిసిన మాటే రాయడమా? వర్క్‌షాపుకి వచ్చే పేపర్లో టెండరు ప్రకటనలు పడేవి. వాటిలో ‘బ్రిడ్జిలు మరియు కల్వర్టులు’ అని ఎప్పుడూ జంటగా ఉండేది. దాని మీద నేను చేసిన తర్కం ఇప్పటికీ నాకు కంఠతా: రెండూ ఒకటే అయితే రెండుసార్లు రాయరు. బ్రిడ్జి నది మీదిది. మాకు నది లేదు. కాబట్టి పొడినేల మీద రోడ్డుకి కట్టేది కల్వర్టు. టైపు నేర్పిన మేస్టారి దగ్గర లావుపాటి నిఘంటువు ఉంది, వెళ్లి చూస్తే పది నిమిషాల పని. వెళితే నాకు తెలియదని ఆయనకి తెలిసిపోతుంది. వెళ్లలేదు. ‘ప్రజల ప్రాణరక్షణ నిమిత్తం ఒక దృఢమైన కల్వర్టు నిర్మించవలసిందిగా కోరుతున్నాము’ అని, కల్వర్టు కింద గీత కూడా కొట్టి, కార్బను పెట్టి రెండు ప్రతులు తీశాను. వీధంతా సంతకాలు, వేలిముద్రలు వేసింది. చదివి వినిపించమన్నారు. కల్వర్టు అన్న చోట గొంతు పెంచాను. బాగుందన్నారు.

నాలుగు నెలలకి నిజంగానే జీపు వచ్చింది. అందులోంచి టేపు పట్టుకుని ఒక ఓవర్సీరు దిగాడు. అరవంలో మూడు మనవులకి కదలని ఆఫీసు నా ఒక్క కాగితానికి కదిలిందని వీధి వీధంతా నన్నే చూస్తోంది. పెద్దమామ సెలవు పెట్టి మరీ టేపు ఆ చివర పట్టుకున్నాడు. ఓవర్సీరు గేటు వైపు చూడనైనా చూడలేదు. గేటుకి ముందు రోడ్డు పక్కనున్న మురుగు కాలవని అడ్డంగా, నిలువుగా కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు.

“కాలవ ఎందుకు కొలిచేది?” అని మెల్లగా అడిగింది పెద్దమామ భార్య, మా అత్త.

“పాలం ఇక్కడ నుంచి లేస్తుంది. కాలు ఇక్కడ పెట్టి పైకి పోతుంది” అన్నాడు మామ. టేపు పట్టుకున్నవాడికి తెలియదా అని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

మూడు వారాల్లో కాలవలో రెండు సిమెంటు గొట్టాలు పడుకోబెట్టి, పైన మట్టి పోసి, అటూ ఇటూ మోకాలెత్తు గోడలు కట్టి, సున్నం కొట్టి సామాన్లు సర్దుకున్నారు. పాలమెక్కడ అని అడిగితే ఓవర్సీరు కాగితం తీసి చూపించాడు. “మీరు అడిగింది కల్వర్టు. కట్టించాము. రెండు రోజులు గోడ మీద కూర్చోకండి, సున్నం అంటుకుంటుంది.”

అందరూ నా వైపు తిరిగారు. ఆ నిమిషంలో నా నోట్లోంచి మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. “నేను సరిగ్గానే రాసినాను. ఆఫీసులో ఎవరో తప్పుగా చదివుంటారు” అన్నాను. వీధి వెంటనే నమ్మింది. ఆఫీసు తప్పు చేసిందంటే నమ్మనివాళ్లు ఎవరున్నారు? ఆ లేని గుమాస్తాని ముసలమ్మలు వారం రోజులు మెటికలు విరిచి తిట్టారు. వాళ్లతోపాటు నేనూ తిట్టాను, కొంచెం ఎక్కువగానే. మర్నాడు మేస్టారి ఇంటికి వెళ్లి నిఘంటువు తీశాను. రోడ్డు కింద నీరు పోవడానికి కట్టే తూము, అని ఉంది. పుస్తకం మూసి, వేరే మాట కోసం వచ్చానని చెప్పి ఇంటికొచ్చేశాను.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున గూడ్సు ఎప్పటిలాగే నిలబడి ఉంది, రెండో సంగు మోగబోతోంది. పెద్దమామ డబ్బా కింద దూరాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. మనిషి దక్కాడు. కుడి పాదం ముందు సగం పోయింది. ఎనిమిది గంటలు నిలబడి తెగిన నూలు అతికించాల్సిన పని ఇక కుదరదని, కూర్చుని వేస్టు దూది ఏరే చోట వేశారు, పదిహేనేళ్ల పిల్లలు చేసే పని.

మంచంలో ఉండగానే ఇంకో మను రాయమన్నాడు. ఈసారి ‘ఓవర్‌బ్రిడ్జి’ అని రాశాను. తీసుకెళ్లి చేతికిస్తే, తలగడ కింద నుంచి పాత కార్బను ప్రతి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. వందల కదురుల మధ్య తెగిన పోగు ఎక్కడుందో దూరం నుంచే పట్టే కళ్లు అవి.

“ఈ తావులో అప్పుడు ఒక మాట ఉండె. కింద గీత కూడా ఉండాది. ఇప్పుడు వేరే మాట ఉండాది. పాలం అదే కదా అమ్మణీ, మాట ఎందుకు మారె?”

అబద్ధం ఒకటి నాలుక మీద సిద్ధంగానే ఉంది. దుప్పటి చివర ఆ కట్టు కనిపిస్తూ ఉంటే పైకి రాలేదు. “కల్వర్టంటే పాలం కాదు మామా. నీళ్లు పోయే తూము. నాకు తెలీలేదు. అడగడానికి సిగ్గేసింది” అన్నాను.

ఆయన కాగితాలు రెండూ మడిచాడు. కట్టు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. “అట్లయితే వాళ్లు సరిగానే కట్టినారు” అన్నాడు. కాసేపటికి, “గట్టిగానే ఉండాది” అని కూడా అన్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టాక చెయ్యి ఊపి ఆపేశాడు. “ఎవురితోనూ చెప్పొద్దు. నీకు ఇంగ్లీసు రాదని తెలిస్తే ఆ పని పోతుంది.”

తర్వాతి ఆదివారం చంకలో కర్ర పెట్టుకుని వీధి మధ్య నిలబడి ఆయనే చెప్పాడు, పెద్దది అడిగితే ఇవ్వరని తూము లాంటి చిన్న పాలం రాయమని తనే చెప్పానని, ఆఫీసు తప్పు ఏమీ లేదని. ఆ రోజు నుంచి ఆయన ‘తూము మామ’. పోయేదాకా అదే పేరు. పిల్లలు పిలిచినా పలికేవాడు. అత్త నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను వెళితే మాత్రం కాఫీ ఇచ్చి, “నువ్వేం చేస్తువు అమ్మణీ, ఆయన చెప్పింది రాసినావు” అనేది. ఆ కాఫీ తాగాను. ఎన్నోసార్లు తాగాను. రెండో మనుకి జవాబు వచ్చింది: ఆ స్థలంలో ప్రజల కోరిక ఇదివరకే నెరవేర్చబడినది. వర్క్‌షాపులో నాకు జీతం పెరిగింది.

మిల్లు మూతపడి, మామ కూడా పోయాక, అక్కడ నిజమైన ఓవర్‌బ్రిడ్జి వచ్చింది. నేను చాలాకాలం వేరే దారిలో బస్సు పట్టుకునేదాన్ని.

అత్త ఇంకా ఉంది. ఇప్పటికీ మామని ఆ ఒక్క విషయానికి తిడుతుంది. మా వీధిలో ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే, చదువులు మాత్రం అరవంలోనూ ఇంగ్లీషులోనూ. తెలుగు అక్షరాలు నేను యాభై దాటాక, ఒక పెద్దబాలశిక్ష పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఈ కథ అచ్చయ్యాక తీసుకెళ్లి అత్త చేతికే ఇస్తాను. ఆమె తిప్పి చూసి, “మన మామ గురించా” అని సంతోషపడి, దేవుడి పటం పక్కన పెడుతుంది. తెలుగు అక్షరాలు వీధిలో ఒక్కరూ చదవలేరు. ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టినా, అడ్రసు మాత్రం బాగా చూసుకునే ఒప్పుకున్నాను. ఇంగ్లీసు అమ్మణి ఏమీ మారలేదు.