సంధ్యారాణి కుడి అద్దం

ఆర్మూర్‌లో పెర్కిట్ చౌరస్తా దాటగానే మెకానిక్ వాహబ్ షెడ్డు. మిగతావాళ్లు కంప్యూటర్ తగిలించి చూసే రోగాన్ని వాహబ్ వట్టి చెవితో పట్టేస్తాడు. పక్కన పోచన్న టీ కొట్టులో స్టవ్ కూడా ఆర్పించి, ఇంజన్ మీదికి వంగి, కళ్లు మూసుకుని వింటాడు. ఆ చెవి కోసం ఇందల్వాయి నుంచి కూడా బండ్లు వస్తాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసు.

పసుపు తవ్వే రోజుల్లో ఒక పొద్దున ఇరవై ఏళ్లనాటి తెల్ల కారు వచ్చి ఆగింది. తెల్లది అనడం మర్యాదకే, సగం పసుపు పట్టి ఉంది. నడిపేది ముప్పై ఏళ్ల ఆడమనిషి. లోపల సద్ది డబ్బాలతో నలుగురు కూలి ఆడవాళ్లు. ఆమె దిగి కుడివైపు అద్దాన్ని వేలితో తాకింది. అది లొటలొటా ఊగింది. అంతే, ఒక్క మాట చెప్పలేదు.

వాహబ్ తలుపు లోపలి మూత ఊడదీసి, స్క్రూలు బిగించి, అద్దాన్ని ఊపి చూశాడు. కదల్లేదు. పనిముట్లు సర్దుకుంటూ, అటు తిరిగే, "అయిపోయింది బిడ్డా, ఇగ పో" అన్నాడు. ఆమె పోలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, అద్దంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది.

"బిగించిన గదా! ఇంకేం గావాలె?"

ఆమె అద్దం తుడుచుకుంటూ ఉండిపోయింది. వాహబ్‌కు చిర్రెత్తుకొచ్చింది. "ఏంది, నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా?"

వెనక సీట్లోంచి నీలవ్వ అనే పెద్దామె తల బయటపెట్టింది. "తిట్టకు భాయ్. సంధ్యారాణికి వినవడది. ఎదురుంగ నిలవడి చెప్పు, పెదవులు చూసి తెలుసుకుంటది."

వాహబ్ చేతిలో పానా ఆగిపోయింది. కారు వెనక కిటికీ అద్దం మీద, నడిపేవాళ్లకు వినపడదని చెప్పే చెవి బొమ్మ స్టిక్కర్ ఉంది. ఇందాక అదేదో ఫోన్ల కొట్టువాళ్లది అనుకున్నాడు. వినపడని మనిషి, లోపల నలుగురి ప్రాణాలు, బయట లారీల రోడ్డు! కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు.

"లైసెన్స్ ఉన్నది భాయ్" అంది నీలవ్వ.

"కాగితానికి హారన్ వినవడ్తదా?"

సంధ్యారాణి ముఖం పాలిపోయింది. కూలీలను రోజూ వేల్పూర్ చేలకు దింపి రావడమే ఆమె బతుకుతెరువు. తాళం పోతే అదీ పోయినట్టే. అయినా బతిమాలలేదు. పక్క సీటు తలుపు తీసి, ఎక్కమని వాహబ్‌కు చూపించింది.

ఆడవాళ్లు దిగి పోచన్న బెంచీ మీద కూర్చున్నారు. వాహబ్ సణుక్కుంటూ ఎక్కి, ఆమె వైపు తిరిగి, "బైపాస్ దాక పోనీ. జర తేడా వచ్చినా నేనే ఆపుత" అని తాళం ఇచ్చాడు.

ఆమె చెప్పులు విడిచింది. కళ్లు ఒక్కచోట నిలవడం లేదు. రోడ్డు, కుడి అద్దం, నడిమి అద్దం, మళ్లీ రోడ్డు. కారు ఉన్నట్టుండి ఎడమకు జరిగింది. ఎందుకబ్బా అనుకునేలోపు వెనక లారీ హారన్ మోగింది. తర్వాత బస్సుకూ అంతే. ఈసారి నేనే ముందు పట్టాలని వాహబ్ పంతం పట్టి కళ్లు మూసుకుని విన్నాడు. బైకు చప్పుడు ఆయన చెవిన పడేసరికి కారు అప్పటికే దానికి దారిచ్చింది. "యా అల్లా" అనుకున్నాడు.

అయితే వేగం పెరిగితే చాలు, కుడి అద్దం వణికి ఒక లారీ రెండుగా కనిపిస్తోంది. ఆమె కారు పక్కకు ఆపి, ఇంజన్ ఆపకుండా, తలుపుకు ఆనించిన తన కుడి మోకాలిని తట్టి చూపింది. తర్వాత తలుపు కింది కీలును. వాహబ్ దిగి వచ్చి అక్కడ చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఆమె నవ్వి, తన అరచేతిని తలుపుకు ఆనించి, నువ్వూ పెట్టు అన్నట్టు చూసింది. పెట్టాడు. తలుపంతా సన్నగా వణుకుతోంది. అద్దంలో ఏ లోపమూ లేదు, కీలు వదులైంది. ముప్పై ఎనిమిదేళ్లుగా దేన్నీ వదలని చెవి దాన్ని వదిలేసింది.

షెడ్డుకు తిరిగొచ్చాక, వాహబ్ కీలు బోల్టులు బిగిస్తున్నంతసేపూ నీలవ్వ చెబుతూనే ఉంది. "ఆరేండ్లప్పుడు జరమొచ్చి చెవులు పోయినయ్. వాళ్ల నాయిన ట్రాక్టర్ మీద పసుపు చేన్ల తోలుడు నేర్చుకున్నది. ఇంజన్ ముచ్చట కాళ్లకు తెలుస్తదట."

వాహబ్ ఆ రోజు స్టవ్ ఆర్పమని పోచన్నకు చెప్పలేదు. ఇంజన్ నడుస్తుండగా అరచెయ్యి పెట్టి చూశాడు. తలుపు నిమ్మళించింది. సంధ్యారాణికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా అన్నాడు. "నా చెవికి దొరకనిది నీ మోకాలికి దొరికింది బిడ్డా. తప్పయింది." తాళం రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె కళ్లకద్దుకుని ఎక్కింది. ఆడవాళ్లూ ఎక్కారు.

కారు కదిలింది. జాగ్రత్త చెప్పే అలవాటు కొద్దీ "పైలం బిడ్డా!" అని అరవబోయి, నోరు తెరిచి ఆగిపోయాడు. గబగబా రోడ్డు మీదికి నడిచి, కుడి అద్దంలో ఎక్కడ పడతాడో లెక్కేసుకుని నిలబడి, చెయ్యెత్తాడు. కారు అప్పటికే చౌరస్తా దగ్గరుంది. మధ్యలో ఆటోలు, పసుపు బస్తాల ట్రాక్టర్లు. ఎవరూ వెనక్కి తిరగలేదు. కుడి కిటికీలోంచి మాత్రం ఒక చెయ్యి బయటికొచ్చి, పైకి లేచింది.

వాహబ్ ఎత్తిన చెయ్యి దించడం మరిచి నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆయనకు వినపడలేదు.