అతుకు లేని బల్ల

"పచ్చికట్టె దెచ్చి నా ఇంట్ల పెట్టినవు గదరా దశరథం! బల్ల పగుల్లకెళ్ళి తాసిల్దారు తెల్ల ప్యాంటు మీద చారు గారింది. నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

"పచ్చికట్టె గాదు పటేలా. రెండేండ్లు ఎండిన కట్టె."

"ఎండిన కట్టెకు గింత పగులు వడ్తదా? ఏలు దూరుతాంది సూడు!"

"పగులు వడ్డది, లేదంటలేను. ఎందుకు వడ్డదో మీ ఇంట్లనే అడుగుండ్రి."

"ఏందిరా, నాకే ఎదురు జెప్తవా?"

మేడమెట్ల మీద కూర్చున్న అమరేందర్‌కు ఆ 'రా' ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది. ఊరి వడ్రంగి, వడ్ల దశరథం వయసులో తన బాపు యాదగిరిరెడ్డి కంటే పదేళ్ళు పెద్ద. ఈ ఇంటి దర్వాజలు, మోటబావి గిరక, అమరేందర్‌ను పడుకోబెట్టిన తొట్టెల, అన్నీ ఆ చేతులు చేసినవే. అట్లాంటి మనిషిని నలుగురు జీతగాళ్ళ ముందు నిలబెట్టి దొంగను అడిగినట్టు అడుగుతున్నాడు బాపు. అడిగేవాడికి కట్టె గురించి తెలిసింది సున్న.

కొత్తకోటకు మూడు మైళ్ళ దూరంలోని ఆ ఊళ్ళో దశరథం చెయ్యి పడని నాగలి లేదు, బండి లేదు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. కట్టె చెక్కే బాడిసె ఎప్పుడో తినేసింది. కొలతకు టేపు వాడడు, ముడులేసిన దారం వాడతాడు. ఎవరైనా తొందరపెడితే ఒకటే మాట: "తొందర నాకు లేదంటలేను, కట్టెకు లేదు. జెప్తే దానికి జెప్పుండ్రి." ఇల్లు కట్టుకున్నవాళ్ళు దర్వాజ నిలబెట్టిన రోజు అతని ఉలికి పసుపు రాసి, కొత్త ధోతి పెట్టి, ఆ తర్వాతే గడప దాటేవారు. అతని ఆస్తి ఆ మర్యాదే. ఇంకోటి లేదు.

ఈ బల్ల మోజు యాదగిరిరెడ్డికి హైదరాబాదులో పుట్టింది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఒక వకీలు ఇంట్లో బల్ల మీద భోంచేసి వచ్చాడు. కొత్తగా పంచాయతి సమితిలో పెద్దమనిషి అయ్యాడు, బెంగుళూరు సడక్ మీద పోయే అధికారులంతా తన ఇంట్లోనే దిగాలని కోరిక. "పదిమంది కూసోవాలె. ఒక్కటే పలక ఉండాలె. అతుకు కనవడొద్దు," అన్నాడు. ఆ ఎండాకాలం గాలిదుమారానికి బావిగడ్డ మీది ముసలి వేప కూలింది. ఇద్దరు మనుషులు చేతులు కలిపితే గానీ అందనంత మాను.

"యాప బల్ల మీద తింటే బువ్వ చేదైతదేమో!" అన్నారు ఎవరో.

"గట్లయితే యాపపుల్లతోని పండ్లు తోముకునేటోని మాటలు గూడ చేదు ఉండాలె," అన్నాడు దశరథం.

అతను డైనింగు బల్లను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. యాదగిరిరెడ్డిని కుర్చీలో కూర్చోబెట్టి, "అన్నం కలుపుతున్నట్టు చెయ్యి తిప్పుండ్రి పటేలా" అన్నాడు. గాలిలో అన్నం కలుపుతున్న పటేలును చూసి జీతగాళ్ళు తలలు పక్కకు తిప్పుకొని నవ్వారు. దశరథం మాత్రం నవ్వకుండా మోచేతి కింద నుంచి నేల దాకా దారం పట్టి ముడి వేశాడు. తర్వాత ఆ బల్ల ముందు కూర్చున్న ఏ అధికారికీ ఎత్తు ఎక్కువైందనో తక్కువైందనో అనే అవసరం రాలేదు.

మొద్దును నాలుగు నెలలు కుంటలో ముంచి పెట్టాడు. బయటికి తీసి, కోయించి, పలక కొసలు పగలకుండా రెండింటికీ పేడ మెత్తి, కొట్టంలో నీడన ఆరబెట్టాడు. యాదగిరిరెడ్డి మూడుసార్లు మనిషిని పంపాడు, ఒకసారి తానే వచ్చి తిట్టాడు. రెండు దసరాలు దాటినాకే దశరథం చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. అరవై మూడు దీపావళికి బల్ల ఇంట్లోకి వచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఒక్కటే పలక. చెయ్యి పెడితే జారేది.

అదే పలక వైశాఖం వచ్చేసరికి నడిమికి పగిలింది. ఎందుకు పగిలిందో అమరేందర్‌కు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క బాపుకు తప్ప. లేదా బాపుకు తెలుసుకోవాలని లేదు.

బాపు తల్లి, అవ్వ నర్సింగమ్మ ఆ బల్ల మీద ఒక్క ముద్దా తినలేదు. కానీ మిగతావాళ్ళు తిని లేవగానే పనిమనిషి బీరమ్మను పిలిచేది. "బల్లయితేంది, నేలయితేంది, ఎంగిలి ఎంగిలే. పేడనీళ్ళు వొయ్యి!" బీరమ్మ బకెట్టెడు పేడనీళ్ళు పోసి చీపురుతో రుద్ది, ఇంకో బకెట్టు మంచినీళ్ళు కుమ్మరించేది. పొద్దుమాపు రెండుసార్లు. ఆరు నెలలు. నేలను అలికినట్టే బల్లను అలికారు.

నడుమ ఒకనాడు మంచం కోళ్ళు బిగించడానికి వచ్చిన దశరథం ఆ నీళ్ళు చూసి ఆగిపోయాడు. "అమ్మా, నీళ్ళు వొయ్యొద్దు. తడిగుడ్డతోని తుడిచి, ఎంటనే పొడిగుడ్డ వెట్టాలె. కట్టె తాగుతది, ఉబ్బుతది, ఎండకు మళ్ళ ముడుసుకుంటది," అన్నాడు.

"సూసినవా బీరమ్మా, నాకు ఎంగిలి సంగతి వడ్లోడు నేర్పుతాండు!" అంది అవ్వ.

అప్పుడే తిని బల్ల ముందు నుంచి లేచిన అమరేందర్ పకపకా నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి, మెట్లు దిగి వాకిట్లోకి వచ్చాడు.

"బాపూ, కట్టె మంచిదే. నీళ్ళు వోసి వోసి మనమే…"

"కాలేజిల రెండేండ్లు నిలువలేనోడు నాకు కట్టె సంగతి జెప్తాండు! లోపలికి నడువ్."

లోపలికి నడిచాడు. చదువు మానేసి వచ్చినవాడికి ఆ ఇంట్లో తిండి ఉంది, నోరు లేదు. అయినా ఇంకోసారి అనొచ్చు. అనలేదు. వెనక బాపు గొంతు వినిపిస్తూనే ఉంది: "రేపొచ్చి పగులు మూసి పో. ఊళ్ళె ఎవలకు దర్వాజ జేసినా పచ్చికట్టె వెడ్తవని నేనే జెప్త."

చెప్పాడు కూడా. సాయంత్రానికే గాలయ్య తన కొత్తింటి దర్వాజ కోసం దశరథం కొట్టంలో పెట్టిన మద్దికట్టెను బండికి ఎత్తించుకొని కొత్తకోట వడ్లాయన దగ్గరికి తోలుకుపోయాడు. ముప్పై ఏళ్ళ మర్యాద ఒక్క పూటలో బండెక్కి వెళ్ళిపోయింది. పచ్చికట్టె పెట్టాడన్న మాట పడ్డాక ఏ ఇల్లు అతని ఉలికి పసుపు రాస్తుంది?

మరునాడు బాపు సమితి పని మీద పోయాక దశరథం వచ్చాడు. అమరేందర్ సాయం పట్టగా ఇద్దరూ బల్లను బోర్లించారు. దశరథం పగులులో ఉలి కొస పెట్టి మెల్లగా గీకాడు. ఎండిన పచ్చటి పొడి రాలింది. అరచేతిలోకి తీసుకొని చూపించాడు.

"ఇగో. పచ్చికట్టె పగిలితే అండ్ల పేడ యాడికెళ్ళి వొచ్చింది చిన్న పటేలా?"

"బాపుకు సూపిస్త మామా."

"సూపిస్తే? పటేలు తన తల్లి మీదికి పోతడా? నా మీదికే వొస్తడు. నేనైతే అగ్గువకు దొరుకుత గద!" అరచేతిలోని పొడిని దులిపేశాడు. "అరవై ఏండ్లకు నన్ను దొంగను జేసిండ్రు. ఆనాడు అమ్మ అన్నది నాకు బాధ లేదు. మీరు నవ్విండ్రు సూడు, అది యాదికున్నది."

దశరథం పనిలో పడ్డాడు. ఢమరుకం లాగ నడుం సన్నగా ఉన్న చెక్కబిళ్ళలు మూడు, పగులుకు అడ్డంగా దిగగొట్టాడు. పగులు ఇక పెరగదు. ఆ పని కూడా వంక పెట్టలేనట్టే చేశాడు. మనసులో మంట ఉన్నా చెయ్యి వంకరపోలేదు.

బల్లను నిలబెట్టబోతుంటే ఆగమన్నాడు. సంచిలోంచి సుద్దముక్క తీశాడు.

"అచ్చరాలు నాకు రావు. గీత మీద ఉలి తిప్పుడు వొస్తది. మీరు రాయుండ్రి, నేను తవ్వుత. చెట్టు ఎన్నడు కూలింది, ఎన్నేండ్లు ఎండింది, ఎన్ని నెలలు నీళ్ళు వోసిండ్రు. నేను వోయినంక ఇంకో వడ్లాయన బల్లను తిప్పుతడు గద, గాయన సదువుకోవాలె."

అమరేందర్ రాశాడు. మూడు వరుసలు. కింద 'కన్నోజు దశరథం' అని మొదలుపెడుతుంటే దశరథం చెయ్యి పట్టుకున్నాడు.

"నా పేరెందుకు? నా మాట ఎవలు ఇంటరు? నీళ్ళు వోసుడు కండ్లతోని సూసినోని పేరు గావాలె. మీ పేరు రాయుండ్రి చిన్న పటేలా."